నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగాక

హైదరాబాదు నుంచి ఒంగోలుకు విజయవాడ మీదుగానూ రావచ్చు. మా జిల్లా వాళ్ళం మాత్రం ఎక్కువగా నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరుగుతాం. నల్గొండ, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కి దిగితే ఆంధ్ర. తర్వాత దాచేపల్లి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, నరసరావుపేట, అద్దంకి. మేదరమెట్ల దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారిలో కలిసి గుండ్లకమ్మ దాటితే ఊరొచ్చినట్టే. సంక్రాంతికీ పెళ్ళిళ్ళకీ తిరిగే దారే ఇది. 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మాత్రం డిక్కీ నిండా వంటసామాను, వెనక సీట్లో పిల్లవాడి సైకిలు, ముందు అరలో ఒక ఫ్రాంచైజీ ఒప్పందం ఉన్నాయి.

అప్పటిదాకా గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో మనుషుల్ని ఎంపిక చేసే విభాగం నాది. కరోనా ఏడాది ఒంగోలు ఇంట్లో కూర్చునే పని చేశాను. ఆ రోజుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. తెలిసిన డాక్టరుగారికి నర్సులు కావాలి, గ్రానైట్ వ్యాపారంలో ఉన్న చుట్టానికి అకౌంటెంటు కావాలి, రొయ్యల ఫ్యాక్టరీకి ఎలక్ట్రీషియన్ కావాలి. ఊళ్ళో చూస్తే ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, ఆదివారం రాత్రి బైపాస్ మీద నిలబడితే హైదరాబాదు, బెంగళూరు ప్రైవేటు బస్సులు కిటకిటలాడుతూ పోతుంటాయి. పని ఉన్నవాడికి మనిషి దొరకడు, మనిషికి పని దొరకదు. సరిగ్గా అప్పుడే ఒక నియామక సంస్థ జిల్లాకొక ఫ్రాంచైజీ ఇస్తామంటూ కబురు పెట్టింది. పేరు, సాఫ్ట్‌వేరు, లక్షల రెజ్యూమేల డేటాబేసు వాళ్ళవి. ఆఫీసు అద్దె, జీతాలు, తిరుగుడు మనవి. ముందు కొంత సొమ్ము, ఆపైన వచ్చే ప్రతి బిల్లులో దాదాపు మూడోవంతు వాళ్ళకు.

ఉద్యోగం వదిలి అది తీసుకున్నానని విన్నవాళ్ళలో మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. మా బాబాయి అయితే పొలం గట్టు మీదే కడిగేశాడు. “ప్రకాశం పంతులు మద్రాసులో లక్షలొచ్చే ప్రాక్టీసు వదిలేశాడంటే స్వరాజ్యం కోసంరా అబ్బాయా. నువ్వు దేనికోసం వదిలినట్టు?” అన్నాడు. ఆయన వదిలింది 1921లో, మన జిల్లాకు ఆయన పేరు పెట్టింది 1972లో. నాకు అంత వ్యవధి లేదు బాబాయ్ అని తప్పించుకున్నాను.

ఫిబ్రవరి అంటే ఆ దారంతా మిరపకాయల కాలం. నరసరావుపేట దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండు పక్కలా కల్లాలే. తేజ కాయ ఎండబోసిన చోట కారు అద్దం దించితే చాలు, తుమ్ములు మొదలు. సంతమాగులూరు దగ్గర టీకి ఆగాం. పక్కన ట్రాక్టరు ట్రక్కులోంచి ఆడవాళ్ళు దిగుతున్నారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కోతలకొచ్చినవాళ్ళు. అక్కడ వానాకాలం పంట చేతికొచ్చాక పని ఉండదు, ఇక్కడ అప్పుడే మిరప కోతకొస్తుంది. ఏటా జరిగే వలస ఇది. వాళ్ళ వెనకే మోటారుసైకిలు మీద ఒకాయన దిగాడు. రెండు ఫోన్లు, జేబులో చిన్న నోటు పుస్తకం. మా కారు, సామాను చూసి ఆసామి అనుకున్నాడేమో, దగ్గరికొచ్చి “ఎంతమంది కావాల సార్?” అన్నాడు. ఎన్ని ఎకరాలు, ఏ ఊరు, ఎప్పటినుంచి అని మూడు ముక్కలు అడిగాడు. మాకు పొలం లేదని చెప్పేసరికి నంబరు మాత్రం ఇచ్చి పోయాడు, రేపెప్పుడైనా ఉండొచ్చని. అదే పని నేను చేసినన్నాళ్ళూ ఒక్క ఖాళీ నింపడానికి నాలుగు మీటింగులు, పదహారు మెయిళ్ళు అయ్యేవి.

మేస్త్రి అనే ఈ మనిషి మనకు కొత్తవాడు కాదు. పోయిన శతాబ్దంలో కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలను ఓడ ఎక్కించింది మేస్త్రీలే. మలయా రబ్బరు తోటలకు ఆ పని చేసినవాణ్ణి కంగాణీ అనేవారు. ముందు బయానా ఇస్తాడు, దారి ఖర్చు పెడతాడు, తర్వాత కూలిలోంచి కోసుకుంటాడు. దానివల్ల అప్పుల్లో కూరుకుపోయిన బతుకులెన్నో ఉన్నాయి, దాచనక్కర్లేదు. అమెరికాలో ఇదే పని కోటు వేసుకుని వచ్చింది. 1948లో మిల్వాకీలో ఇద్దరు లాయర్లకు కోర్టు కాగితాలు టైపు చేసేవాళ్ళు వేళకు దొరక్క, అలాంటి అవసరం అందరికీ ఉంటుందని మ్యాన్‌పవర్ అనే కంపెనీ పెట్టారు. ఊరూరా ఫ్రాంచైజీలతో పెరిగిన వ్యాపారాల్లో అదొకటి. మన దగ్గర 1997లో నౌక్రీ.కామ్ వచ్చాక రెజ్యూమే ఇంటర్నెట్‌కు ఎక్కింది. 2002లో మొదలైన టీమ్‌లీజ్ లాంటి సంస్థలు వేల మందిని తమ జీతాల పట్టీలో పెట్టుకుని కంపెనీలకు పంపడం మొదలుపెట్టాయి. నా కారు ముందు అరలో ఉన్న ఒప్పందం ఈ వరసలోదే. సంతమాగులూరు మేస్త్రి కూడా ఈ వరసలోవాడేనని నాకు తట్టడానికి కొంతకాలం పట్టింది.

ఒంగోల్లో కర్నూలు రోడ్డులో మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. బోర్డు పెట్టిన వారంలోనే పొదిలి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడు బీటెక్ మెకానికల్, చదువైపోయి రెండేళ్ళు. మాట్లాడింది అంతా తండ్రే. కుర్చీ అంచున కూర్చుని, చొక్కా లోపలి జేబులోంచి పెళ్ళి శుభలేఖ కవరొకటి తీశాడు. దాని మీద “చిరంజీవి సౌభాగ్యవతి” అని పసుపు రంగు అక్షరాలు, లోపల అయిదువందల నోట్లు, రబ్బరు బ్యాండు.

“ఇప్పుడింత. మిగతాది ఆర్డరు చేతికొచ్చినాక ఇస్తా సార్. ఎంతైతదో ముందే చెప్పండి, పొగాకు వేలంలో సొమ్ము ఈ నెలాఖరుకొస్తది.”

ఒక్క రూపాయి వద్దు, మాకు కంపెనీ ఇస్తుంది అన్నాను. ఆయన నమ్మలేదు. “ఊరికే ఎవరిస్తారు సార్ ఉద్యోగం?” అన్నాడు. మళ్ళీ వివరించాను. కవరు జేబులో పెట్టుకుని లేచాడు. మెట్లు దిగుతూ కొడుకుతో అన్న మాట పైకి వినిపించింది: “ఈయన దగ్గరేం లేదురా. ఉంటే తీసుకోడూ?”

ఆయన్ని తప్పుపట్టలేం. అమీర్‌పేటలో లక్షో లక్షన్నరో కట్టించుకుని, పని చేయని కంపెనీలో పనిచేసినట్టు అనుభవం కాగితాలు పుట్టించి, వెనక గుమ్మంలోంచి ఐటీ ఉద్యోగంలో దూర్చేవాళ్ళ సంగతి మా వైపు ప్రతి ఊరికీ తెలుసు. ఆర్నెల్ల తర్వాత ఆ కాగితాలు తనిఖీలో బయటపడి ఇంటికొచ్చిన కుర్రాళ్ళూ ప్రతి ఊళ్ళో ఉన్నారు. నేను వదిలొచ్చిన కంపెనీలో అటువంటి తనిఖీలు చేయించింది నేనే కాబట్టి రెండో సగం నాకు ఇంకా బాగా తెలుసు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన ఒడంబడికలో ప్రైవేటు నియామక సంస్థలు పనివారి దగ్గర రుసుము తీసుకోకూడదని సూటిగా రాసి ఉంది. విదేశాలకు పంపేవాళ్ళకు మన దేశంలోనే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. విదేశాంగ శాఖ లైసెన్సు లేకుండా ఎవరూ గల్ఫ్‌కు మనుషుల్ని పంపకూడదు, లైసెన్సున్నవాడైనా సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. ఈ సంగతులు తెలుగులో ఒక కాగితం మీద కొట్టించి ఆఫీసు గోడకు అంటించాం. చదివినవాళ్ళు నవ్వి, “అది సరే సార్, అసలు రేటెంత?” అనేవారు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, ఈ వ్యాపారంలోకి దిగాలనుకునేవాళ్ళు ముందడిగేది అదే. మామూలుగా కంపెనీ ఇచ్చే రుసుము అభ్యర్థి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. హైదరాబాదులో పన్నెండు లక్షల ప్యాకేజీ ఉన్న కుర్రాణ్ణి చేరిస్తే లక్ష. ఒంగోలులో నెలకు పన్నెండు వేల అకౌంటెంటును చేరిస్తే పన్నెండు వేలు. రెండింటికీ ఫోన్లు అన్నే, తిరుగుడు ఒంగోల్లోనే ఎక్కువ. అందులో మూడోవంతు పైకి పోయాక ఎనిమిది వేలు. మనిషి తొంభై రోజుల లోపు మానేస్తే మరో మనిషిని ఉచితంగా ఇవ్వాలి. బిల్లు వేసిన నెలకు జీఎస్టీ మనం కట్టేస్తాం, సొమ్ము మాత్రం పొగాకు వేలమో రొయ్యల పట్టుబడో అయ్యాక వస్తుంది. 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలి. ఆ సంగతి ఎత్తితే బాకీ వస్తుందేమో కానీ, మళ్ళీ ఆ గుమ్మంలోకి రానివ్వరు. ఫ్రాంచైజీ వాళ్ళ లెక్కలన్నీ ముంబయి, బెంగళూరు జీతాల మీద కట్టినవి. ఇలా చేస్తే మూణ్ణెల్లలో దుకాణం మూయాలి అని మా ఆవిడ కాగితం మీద లెక్కేసి చూపించింది. అందుకని ఆఫీసులో కూర్చోవడం మాని తిరగడం మొదలుపెట్టాను.

మొదట చీమకుర్తి. మా ఆఫీసు ముందు రోడ్డే సంతనూతలపాడు మీదుగా అక్కడికి పోతుంది. దారి పొడుగునా ఎదురొచ్చేవి బండలు మోసుకొచ్చే లారీలు, ఒక్కో లారీ మీద ఒకటో రెండో బండలు, అంతే. గెలాక్సీ గ్రానైట్ అని ప్రపంచమంతా కొనే నల్లరాయి దొరికేది ఇక్కడే. కొండను తొలుస్తారని ఊహించుకుని వెళ్ళేవాళ్ళు ఆశ్చర్యపోతారు. క్వారీ భూమిలోకి దిగుతుంది, మెట్లు మెట్లుగా. అంచున నిలబడి చూస్తే అడుగున ఉన్న పొక్లెయిన్లు చేతి వేలంత ఉంటాయి. వజ్రపు పూసలు గుచ్చిన తీగ గిర్రున తిరుగుతూ బండను కోస్తుంటుంది, దాని మీద ఆగకుండా నీళ్ళు పోస్తుంటారు. తడిసిన చోట నల్లరాయిలో బంగారు చుక్కలు తేలతాయి. ఆరిపోతే మళ్ళీ బూడిద రంగు ముఖమే.

నేను కలిసిన మేనేజరుకు కావలసింది ఇంజినీర్లు కాదు. “మైన్ ఫోర్‌మన్ ఉన్నాడా? మేట్ ఉన్నాడా? బ్లాస్టరు?” అన్నాడు. ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్లు ఇవి. చట్టం ప్రకారం ఆ కాగితం ఉన్న మనిషి లేకుండా గని నడపకూడదు. ఆఫీసుకొచ్చి లక్షల రెజ్యూమేల డేటాబేసులో వెతికితే ఫోర్‌మన్ పేరుతో బోలెడంతమంది తేలారు, అందరూ కార్ల ఫ్యాక్టరీల వాళ్ళే. చివరికి మనిషి దొరికింది చీమకుర్తి బస్టాండు దగ్గర టీ కొట్లో. కొట్టాయన బావమరిది, అనంతపురం వైపు సున్నపురాయి గనిలో ఫోర్‌మన్, తల్లికి ఒంట్లో బాగాలేక ఇటు రావాలని చూస్తున్నాడు. సర్టిఫికెట్టుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి, బీరువాలో పట్టుచీరల మడతల్లో దాచి ఉంచాడు. ఆ కాగితం అతని కుటుంబానికి ఎకరం పొలంతో సమానం. అతని జీతం మీద వచ్చిన రుసుముతో ఆ నెల అద్దె గట్టెక్కింది. అంతకన్నా ముఖ్యంగా, అతని ద్వారా మరో ఇద్దరు మేట్ల పేర్లు తెలిశాయి. గనుల వాళ్ళ జాబితా మాకు అలా మొదలైంది.

సింగరాయకొండ వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఆడవాళ్ళకు పని చాలా ఉంది, వాళ్ళను ఊళ్ళ నుంచి బస్సుల్లో తీసుకొచ్చే మేస్త్రీలూ ఉన్నారు. నా అవసరం పడింది ప్రయోగశాల దగ్గర. ఎగుమతి సరుకు కాబట్టి ఎగుమతి తనిఖీ మండలి ఆమోదించిన టెక్నాలజిస్టులు ఉండి తీరాలి. ఒంగోల్లో మైక్రోబయాలజీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు బాగానే ఉన్నారు. చిక్కు రాత్రి షిఫ్టు. అక్కడ రెజ్యూమే మీద మాట్లాడే పనే లేదు; తండ్రిని బండి మీద ఎక్కించుకుని ప్లాంటు, ఆడపిల్లలు దిగే వ్యాను, డ్రైవరు ముఖం చూపించి రావాలి. మూడిళ్ళ తండ్రులకు అలా చూపించాను. రెండిళ్ళ వాళ్ళు ఒప్పుకున్నారు.

మార్టూరు ప్రయాణం వీటన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. ఒంగోలు నుంచి ఉత్తరంగా జాతీయ రహదారి మీద యాభై కిలోమీటర్ల లోపే. స్పిన్నింగ్ మిల్లులు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, చుట్టూ నల్లరేగడిలో పత్తి, మిరప. నూలు మిల్లులో తెగిన దారం అతికే సైడర్లు, నిండిన బాబిన్లు తీసే డాఫర్లు కావాలంటే పక్క ఊరివాళ్ళు రారు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ రావలసిందే. సాయంత్రం ఒక పాలిషింగ్ యూనిట్ గేటు దగ్గర ఆ మనుషుల్ని తెచ్చే మేస్త్రితో మాట్లాడాను. బరంపురం వైపువాడు, తెలుగు నాకన్నా గట్టిగా మాట్లాడతాడు. ఆయన నోటు పుస్తకం చూడనిచ్చాడు. ఒక్కో పేజీ ఒక్కో మనిషి. పేరు, ఇచ్చిన బయానా, ఇంటి ఫోన్ నంబరు, దాని కింద “తమ్ముడి పెళ్ళి వైశాఖం” అనో “బిడ్డకు ఆపరేషన్” అనో ఒక ముక్క.

నేను చేసే పని చెప్పాను. తొంభై రోజుల్లో మానేస్తే మారు మనిషిని ఇస్తామని కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “మరి మీరు పంపిన కుర్రోడికి రాత్రి జ్వరం వస్తే ఎవరొస్తారు సార్? మీరొస్తారా?” అన్నాడు.

కంపెనీలో ఉన్నప్పుడు అభ్యర్థి చేరిన రోజుతో నా పని అయిపోయేది. ఈయన పని ఆ రోజే మొదలవుతుంది. మనిషికింత అని రోజుకూలిలో కమీషను తీసుకుంటాడు, ఆ కమీషనులో అన్యాయమూ ఉంది. కానీ మిల్లు ఓనరు ఆయనకు డబ్బిచ్చేది పూచీ పడుతున్నందుకు. కుర్రాడు పారిపోతే వెతుక్కొచ్చేది, చెయ్యి నలిగితే ఆసుపత్రిలో కూర్చునేది, జీతం ఆగితే గేటు దగ్గర గొడవపడేది ఆయనే. ఒంగోలు ప్రాంతంలో ఈ వ్యాపారం నిలబడేది దీని మీదే. మేస్త్రి పడే పూచీ పడాలి, మేస్త్రి కోసే కోత మాత్రం కోయకూడదు. ఆ రెండూ ఒకేసారి చేయగలిగినవాడికి ఇక్కడ పోటీ లేదు.

ఆ తర్వాత చేర్చిన ప్రతి మనిషికీ మొదటి వారం, నెల, మూడో నెల ఫోను చేయడం, వీలైతే వెళ్ళి చూడడం పెట్టుకున్నాం. ఫ్రాంచైజీ సాఫ్ట్‌వేరులో దానికి గడి లేదు. మా ఆఫీసు అమ్మాయి ఒకతె నోటు పుస్తకంలో రాసేది.

ఇంతలో జిల్లాలు చీలాయి. 2022 ఏప్రిల్ 4న మార్టూరు, పర్చూరు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి పోయాయి, కందుకూరు నెల్లూరులో కలిసింది. మా ఒప్పందంలో నా హద్దు “ప్రకాశం జిల్లా” అని మాత్రమే ఉంది. సంతకం నాటి జిల్లానా, నేటి జిల్లానా? సంస్థ వాళ్ళు నేటి జిల్లా అన్నారు, మార్టూరు మిల్లుల బిల్లులు ఇక మరో ఫ్రాంచైజీకి రాయమన్నారు. ముఖ్యమంత్రి గీసిన గీత నా దుకాణం మధ్యలోంచి పోతుందని ఎవరనుకుంటారు! అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి పద్నాలుగు రోజుల ముందే వ్యాపార వివరాలన్నీ రాసిన పత్రం కొనేవాడి చేతిలో పెట్టాలని నిబంధన ఉంది. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టమే లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అయితే ఆ పాత చట్టంలోనే 27వ సెక్షన్ ఒకటుంది. ఒప్పందం ముగిశాక కూడా ఫలానా వ్యాపారం చేయకూడదని కట్టడి పెడితే చెల్లదు. ఒంగోలు కోర్టు దగ్గర లాయరుగారు ఆ సెక్షన్ చూపించి, “గడువు అయ్యేదాకా ఓపిక పట్టండి, తర్వాత మీ పేరుతో బోర్డు పెట్టుకోండి” అన్నారు. అలాగే చేశాను.

ఫ్రాంచైజీ దండగా అని అడిగితే కాదంటాను. చెన్నై, హైదరాబాదుల్లో పెద్ద కంపెనీల గుమ్మం మొదటిసారి తెరుచుకుంది ఆ పేరు వల్లే. బిల్లు ఎలా రాయాలి, మారు మనిషి షరతు ఎలా రాయాలి అనేవి వాళ్ళ కాగితాల నుంచే వచ్చాయి. చీమకుర్తిలో, మార్టూరులో మాత్రం ఆ పేరు ఎవరూ అడగలేదు. “మీదే ఊరు? ఎవరబ్బాయివి?” అని అడిగారు. కాబట్టి జీతం వదిలి ఇటువైపు రావాలనుకునేవాళ్ళు కొనబోయే పేరు తమ ఊళ్ళో ఎవరికి తెలుసో ముందు విచారించండి. హద్దును జిల్లా పేరుతో కాక మండలాల పేర్లతో రాయించుకోండి. ఏడాదిన్నర ఇంటి ఖర్చు విడిగా పెట్టుకోండి.

పొదిలి పెద్దాయన మళ్ళీ రాలేదు. ఆయన కొడుకు మాత్రం ఆ మధ్య ఒంటరిగా వచ్చి పేరు రాయించి వెళ్ళాడు.

ఇక ప్రస్తుతానికొస్తే, మార్టూరులో ఒక నూలు మిల్లుకు ఐటీఐ ఎలక్ట్రీషియన్లు, చీమకుర్తిలో మేట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు, సింగరాయకొండలో పగటి షిఫ్టుకు మైక్రోబయాలజీ చదివినవాళ్ళు కావాలి. చుట్టుపక్కల ఎవరైనా ఉంటే కర్నూలు రోడ్డుకు పంపండి. సర్టిఫికెట్ల జిరాక్సు కాపీలు తెస్తే చాలు, కవర్లు తేనక్కర్లేదు.